ముందు మీరు చదవండి

బి.ఎ. చదివిన రెండేళ్ళలో నాకు బాగా గుర్తున్నది చదువు కాదు, నిద్ర. హాయిగా పడుకున్న నిద్ర కాదు, పడుకోవడానికి వీల్లేని చోట ముంచుకొచ్చే నిద్ర. క్లాసులో బల్ల మీద, హంద్రీ వంతెన గోడ మీద, ఒకసారి క్షవరం చేయించుకుంటూ కూడా నిద్రపోయాను. మంగలి నా తల పట్టుకుని ఎంతసేపు ఓపిక పట్టాడో తెలియదు. కళ్ళు తెరిచేసరికి సగం తల అయింది, సగం మిగిలింది. ఆయన బీడీ తాగుతూ నేను మేలుకోవడం కోసం ఎదురుచూస్తున్నాడు.

అప్పుడు కర్నూలు రాజధాని. రాజధాని అంటే ఈ కాలం వాళ్ళు ఏమేమో ఊహించుకుంటారు. చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలి వీచిన రోజు గుమాస్తాలు కాగితాల వెంట పరుగెత్తడం మేము కళ్ళారా చూశాం. ఊరు ఊరంతా అద్దెలకెక్కింది. పశువుల కొట్టాలకు సున్నం కొట్టి గదులని చెప్పి ఇచ్చారు. పాతబస్తీలో నేనూ, మా వైపు నుంచే వచ్చిన ఇంకొక విద్యార్థీ కలిసి ఉన్న గది అంతకు ముందు ఏమిటో ఇంటావిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. గోడకు కట్టుతాడు కట్టే ఇనుప కడియం మాత్రం అలాగే ఉండేది. దానికి మా తువ్వాళ్ళు తగిలించుకునేవాళ్ళం. పైకప్పు నాపరాళ్ళది. పగలంతా పట్టిన వేడిని అది చీకటి పడ్డాక మా మీదికి వదిలేది.

మా ఊరు మైదుకూరు దగ్గర. నాన్నకు మెట్టపొలం ఉండేది, దానికి వాన ఉండేది కాదు. నెలకొకసారి కడప నుంచి వచ్చే బస్సులో అమ్మ జొన్నపిండి మూట, చింతకాయ తొక్కు పంపేది. మిగతాది నువ్వే చూసుకో నాయనా అన్నారు ఇద్దరూ. చూసుకోవడమంటే ట్యూషన్లు చెప్పుకోవడమే. తెల్లవారుతూనే కోస్తా నుంచి వచ్చిన ఒక గుమాస్తా గారింట్లో ఇద్దరు ఆడపిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. అక్కడి నుంచి గదికొచ్చి నాలుగు రొట్టెలు కొట్టుకుని, రెండు తిని, రెండు పొట్లం కట్టుకుని కాలేజీకి పోయేవాణ్ణి.

కాలేజీలో అంతా ఇంగ్లీషే. చరిత్ర చెప్పే లెక్చరరు నోట్సు చెబుతూ పోయేవారు, మేము రాసుకుంటూ పోయేవాళ్ళం. ఆయన మంచివారే, గొంతు కూడా మంచిదే. నాకు అర్థమయ్యేది మాత్రం రూపాయికి పావలా వంతు. మా ఊరి బళ్ళో ఇంగ్లీషు చెప్పిన అయ్యవారికే ఇంగ్లీషు అంతంత మాత్రం, ఇక నాకెక్కడిది? అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. కంఠతా పట్టడం. పేజీలకు పేజీలు, కామాతో సహా. ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో కూడా ఆయన పీల్చుకున్న చోటే పీల్చుకునేవాణ్ణి. ఇంటర్మీడియట్ అలాగే గట్టెక్కాను, బి.ఎ. కూడా అలాగే గట్టెక్కుతానని ధీమా.

ఆ గుమాస్తా గారింటికి ఆఫీసు నుంచి ఒక అటెండరు వచ్చేవాడు. ముప్పైయైదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ కోటు ఎండలో కూడా విప్పేవాడు కాదు. ఫైళ్ళ కట్ట గడప దగ్గర పెట్టి, నేను పిల్లలకు పాఠం చెప్పడం అయ్యేవరకూ నిలబడి వినేవాడు. పెద్దపిల్ల లెక్క తప్పు చేస్తే అతని మొహంలో బాధ కనిపించేది. జూలైలో కాలేజీ తెరిచిన కొత్తలో ఒకరోజు నా వెంటే వీధిలోకి వచ్చి, తనకు కూడా చదువు చెప్పమని అడిగాడు.

సంగతి ఇది. రాజధాని హైదరాబాదుకు పోతుందని ఊరంతా అనుకుంటున్నారు. తాత్కాలికంగా తీసుకున్న అటెండర్లలో తెలుగు చదవడం, రాయడం వచ్చిన వాళ్ళనే వెంట తీసుకుపోతారట. వచ్చిన అర్జీ ఏ ఊరిదో, ఎవరిదో చూసి ఏ కట్టలో పెట్టాలో ఆ కట్టలో పెట్టగలగాలి. ఆఫీసు సూపరింటెండెంటు తానే ఒక్కొక్కరిని పిలిచి పరీక్ష పెడతాడట. రానివాళ్ళు ఇళ్ళకు పోవాల్సిందే. ఈ పనికి రాకముందు ఇతను బేతంచెర్ల వైపు గనుల్లో నాపరాళ్ళు తీసేవాడు. అక్కడ నడుము దెబ్బతింది. ఇప్పటికీ కూర్చుని లేవాలంటే చెయ్యి ఆనించి లేచేవాడు.

“రాయి కొట్టేది ఇంక నాతో కాదు అయివారూ. నా బతుకులో నీడన చేసిన పని ఇదొక్కటే. ఇది పోతే యాడికి పోవాల?” అన్నాడు.

నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు నన్ను మీరనేవాడు, నేను అతన్ని నువ్వనేవాణ్ణి. అతను కల్లూరు అంచున ఉన్న పల్లెలో ఉండే కిరస్తానీ, నేను కాపు ఇంటి పిల్లవాణ్ణి. ఇంకెలా పిలవాలో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. వాళ్ళింట్లో వండింది నేను తినకూడదు, వండనిది తీసుకోవచ్చు. అందుకని నా జీతం జొన్నలుగా, శెనక్కాయలుగా వచ్చేది. అతని భార్య వాటిని చేటలో పోసి అరుగు మీద పెట్టి, నేను మూట కట్టుకునేవరకూ దూరంగా నిలబడేది. అప్పుడు అది నాకు తప్పని తోచలేదు. తోచలేదన్నదే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సాయంత్రం అయిదింటికి కాలేజీ వదిలాక, హంద్రీ దాటి కల్లూరు పోయేవాణ్ణి. ఆ ఏడు వాన వెనకపట్టింది. ఆషాఢం గాలికి దుమ్ము లేచి పళ్ళ సందుల్లో కరకరలాడేది. పల్లె మొదట్లోనే వాళ్ళ చర్చి ఉండేది. దాన్ని వాళ్ళు గుడి అనే అనేవాళ్ళు. దాని అరుగు మీద పొద్దు కుంకేవరకూ మా బడి.

మొదటి రోజు, నీకెంతవరకూ వచ్చో చూద్దాం, ఏదైనా చదవమన్నాను. గుడ్డలో చుట్టి దాచుకున్న సువార్త పుస్తకం తీశాడు. చేతులు కోటుకు తుడుచుకుని, పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివాడు. ఎక్కడా తడబాటు లేదు. దీర్ఘాలు దీర్ఘాలుగా, ఒత్తులు ఒత్తులుగా పలికాడు. మాట్లాడేటప్పుడు సదువు, సెట్టు అనేవాడు చదివేటప్పుడు చదువు, చెట్టు అంటున్నాడు. నేను ఆశ్చర్యపోయాను. నా సంతోషం అతని కోసమని చెబితే అబద్ధం. చదవడం వచ్చిన శిష్యుడు దొరికాడు, ఇక రాత ఒకటి దిద్దిస్తే చాలు, నా పని సగం తగ్గింది, అదీ సంతోషం.

మూడో తరగతి వాచకం ఒకటి సంపాదించాం. నేను ఒక పాఠం ముందు చదివేవాణ్ణి, తరవాత అతను చదివేవాడు. నన్ను మా బళ్ళో అలాగే చదివించారు కనుక చదివించడమంటే అదే అనుకున్నాను. ఒకటికి రెండుసార్లు నేను చదివితే చాలు, మూడోసారి అతను పేజీ మొత్తం గడగడా ఒప్పజెప్పేవాడు. నేను గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకునేవాణ్ణి. అతని గొంతు వినడానికి బాగుండేది. రోజు మొత్తంలో నేను నోరు మూసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్న గంట అది. కళ్ళు మూసుకుని వింటే శ్రద్ధగా వింటున్నానని అతను అనుకునేవాడు. గురువుగారి నిద్రకు ఆ మాత్రం గౌరవం దక్కింది.

కనపడలేదా అంటే కనపడింది. ఒకరోజు గాలికి రెండు పేజీలు తిరిగిపోయాయి. అతను ఆపకుండా మొదటి పేజీలోదే చదువుతూ పోయాడు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. పుస్తకంలో బావి బొమ్మ ఉంది, అతను ఆవు పాఠం చదువుతున్నాడు. ఎప్పుడో నేను కునికి ఉంటాను, అందుకే పొంతన కుదరలేదు అనుకుని మళ్ళీ కన్ను మూశాను. రాత సంగతీ అంతే. పలక మీద నేను రాసిన దాని కింద, ముగ్గు దిద్దినట్టు, నా రాతకంటే అందంగా రాసేవాడు. పైన నా రాత లేకుండా ఒక్క మాట రాయమని నేను ఏనాడూ అడగలేదు. అడిగితే పని పెరుగుతుంది కదా.

సెప్టెంబరులో మాకు క్వార్టర్లీ పరీక్షలు జరిగాయి. చరిత్రలో ఒక రాజు పరిపాలన గురించి పది పేజీలు నా నోటి చివర ఉన్నాయి. ప్రశ్నలో ఆ రాజు పేరు చూడగానే పెన్ను పరుగెత్తింది. ప్రశ్న అతని పరిపాలన గురించి కాదు, అతని తరవాత రాజ్యం ఎందుకు పడిపోయిందని. పేపర్లు ఇచ్చేటప్పుడు లెక్చరరు నన్ను లేపి, ఇదంతా చాలా బాగా రాశావు, ఎవరడిగారు నిన్ను అన్నారు. క్లాసంతా గొల్లుమంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా గదిలోవాడు వారం రోజులు నన్ను ఆడిపోసుకున్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఆ సాయంత్రం కల్లూరు పోయి, నా కోపం చూపడానికి వేరే దారిలేక, అటెండరు చేత రెండు పాఠాలు ఎక్కువ చదివించాను. అతను రెండూ అప్పజెప్పాడు. వీడైనా నా పరువు నిలబెడతాడులే అనుకున్నాను.

అక్టోబరులో ఆఫీసులు సర్దడం మొదలైంది. గుడారాల ముందు చెక్కపెట్టెలు పేర్చారు. అతని పరీక్ష ఒక బుధవారం అని తెలిసింది. ముందురోజు ఏం చదవాలని అడిగాడు. ఏమీ అక్కర్లేదు, నీకంతా వచ్చు, ధైర్యంగా పో అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను. అతని భార్య ఆ రోజు చేట నిండా శెనక్కాయలు పోసింది.

బుధవారం సాయంత్రం నేను వెళ్ళేసరికి అతను అరుగు మీద కాదు, కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. కోటు విప్పి పక్కన పెట్టాడు. కోటు లేకుండా నేనతన్ని చూడటం అదే మొదలు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఏమైందని అడిగాను.

సూపరింటెండెంటు పాత అర్జీ ఒకటి ఇచ్చి చదవమన్నాడట. ఇతను రెండు చేతులతో తీసుకుని, మొహానికి ఎదురుగా పెట్టుకుని, నిలబడ్డాడట. ఊఁ, కానివ్వు అన్నాడట ఆయన. ఇతను వినయంగా, “ముందు మీరు సదవండి సార్, తరవాత నేను సదువుతా” అన్నాడట. ఆయనకు మొదట అర్థం కాలేదు. రెండోసారి కూడా ఇతను అదే మాట చెప్పేసరికి పగలబడి నవ్వి, పక్క గదిలో వాళ్ళను కూడా పిలిచి చెప్పించాడట. మూడోసారి కూడా ఇతను అదే చెప్పాడు. తరవాత పేరు కొట్టేశారు. ఈ నెలాఖరు దాకా రమ్మన్నారు, అంతే.

“అంతమంది ఏంటికి నగినారో నాకు తెల్దు అయివారూ. నేను తప్పేం అన్యా?” అని నన్ను అడిగాడు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. వాచకం తీసి, మేము ఇంకా మొదలుపెట్టని పాఠం ఒకటి తెరిచి అతని ముందు పెట్టాను. చదవమన్నాను. అతను పేజీని చూశాడు, తరవాత నా మొహం చూశాడు. నేను మొదలుపెడతానని ఎదురుచూస్తున్నాడు. అప్పుడు నాకు గాలికి తిరిగిన పేజీలు, ఆవు పాఠం, నా పైరాత కింది అందమైన రాత, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. మూడు నెలలు నన్ను మోసం చేశావు, రానిది వచ్చినట్టు నటించావు అని గట్టిగా అరిచాను.

గుమ్మంలోంచి అతని భార్య అంది, “మోసమేంది అయివారూ. దినామూ మీ ముందరే కదా సదివినాడు. మీరు బాగుండాదనే కదా అన్యారు.”

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. నేను అరుగు మీద కూలబడ్డాను. మెల్లగా అడిగితే అతను చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళ పల్లెకు వాక్యం చెప్పడానికి చర్చి ఉపదేశి వారానికొకసారి వచ్చేవాడట. అందరి చేతికీ పుస్తకాలు ఇచ్చేవాడు. తాను ఒక ముక్క చదివితే, వీళ్ళు పుస్తకం చూస్తూ ఆ ముక్క అనాలి. తప్పు లేకుండా అన్నవాణ్ణి లేపి, వీడు చదువుకున్నవాడు అని అందరికీ చూపించేవాడు. ఇతన్ని చాలాసార్లు లేపాడట. పుస్తకం ముందు పెట్టుకుని అందులో ఉన్నది చెప్పడమే చదవడమని ముప్పైయైదేళ్ళు వచ్చినా అతను నమ్ముతూనే ఉన్నాడు. అది కాదని చెప్పవలసింది నేను. చెప్పడానికి ముందు నేను కళ్ళు తెరవాలి.

అసలు నాకు మాత్రం ఆ తేడా ఎంత తెలుసు? పది పేజీలు కామాతో సహా అప్పజెప్పి, ఎవరడిగారు నిన్ను అనిపించుకున్నవాణ్ణి. అతను వినయంగా అడిగినట్టు, ముందు మీరు చదవండి అని అడిగే దారి లేదు గనుక నా గుట్టు పూర్తిగా బయటపడలేదు. గురువుకు తగ్గ శిష్యుడంటారు. ఇక్కడ తేడా ఒకటే. నా వల్ల అతని పని పోయింది, అతని వల్ల నాకేమీ పోలేదు. ఈ మాట అప్పుడు అతనితో అనలేదు. తప్పు నాదే అని మాత్రం అన్నాను. అది కూడా సరిగా అనలేదు, నేలను చూస్తూ గొణిగాను.

అతను ఆ గొణుగుడు విన్నట్టు కనపడలేదు. మొదటి నుంచి నేర్చుకుంటే ఎన్ని దినాలు పడుతుందని అడిగాడు. ఆర్నెల్లు పట్టవచ్చన్నాను. ఆ మూడు నెలల్లో నేను అతనికి ఆలోచించి చెప్పిన నిజం అదొక్కటే అనుకుంటాను. ఆర్నెల్లకు ఆఫీసూ ఉండదు, పనీ ఉండదు, మార్చిలో నా పరీక్షలు కూడా ఉన్నాయి. ఇప్పుడిక నేర్చుకుని ఏం లాభం అని నా నోటి దాకా వచ్చింది. నాకు నిద్ర కూడా వస్తోంది. అంత సిగ్గులోనూ నిద్ర వచ్చిందంటే ఆ రోజుల్లో నా ఒళ్ళు ఎంత హూనమై ఉండేదో చూడండి.

అతను కోటు జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతలు జాగ్రత్తగా విప్పి మోకాలి మీద పరిచాడు. సూపరింటెండెంటు ఇచ్చిన అర్జీ అది. ఎవరో రైతు ఎప్పుడో రాసుకున్నది, ఎవరికీ పనికిరానిది. ఆ నవ్వుల్లో దాన్ని తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదట, ఇతను చేతిలో పట్టుకునే బయటికి వచ్చేశాడట. దీంట్లో ఏముండాదో నాకు తెలియాల అన్నాడు.

నేను చెయ్యి చాపాను. చదివి చెబితే ఒక నిమిషం పని. ఇన్నాళ్ళకు అతనికి ఒక ఉపకారమైనా చేద్దామనుకున్నాను. అతను కాగితాన్ని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టేశాడు.

“మీరు సదవద్దు అయివారూ,” అన్నాడు. “మీరు సదివితే నాకు వచ్చేస్తాది.”

ఎండ అరుగు దిగి వీధిలోకి పోయింది. తరవాత నేను అతని పక్కకు జరిగి, అతని వేళ్ళను ఒక్కొక్కటిగా కాగితం మీద నుంచి తీసి, మొదటి అక్షరం ఒక్కటి కనపడేలా మిగతాదాన్ని నా అరచేత్తో మూశాను. మహారాజశ్రీ అని మొదలయ్యే అర్జీ. ఇదేమిటని అడిగాను. అతను వంగి చూశాడు. అలవాటుగా నా నోటి వైపు చూడబోయి, ఆపుకుని, మళ్ళీ కాగితాన్నే చూశాడు. చాలాసేపు చూశాడు.

“తెల్దు,” అన్నాడు.

మూడు నెలల్లో అతను చదివిన మొదటి పాఠం అది. నేను చెప్పిన మొదటి పాఠం కూడా అదే.